గంజాయి పారఖీ: నౌగావ్ పొలం నుంచి చుట్టిన సిగరెట్టు దాకా

ప్రస్తుత బంగ్లాదేశ్ వాయవ్య భాగంలో, పాత రాజ్‌షాహీ, దినాజ్‌పూర్, బోగ్రా జిల్లాల సరిహద్దులు కలిసే చోట ఉన్న నౌగావ్ పరిసరాలు పందొమ్మిదో శతాబ్ది నుంచి 1980ల దాకా ప్రభుత్వ అనుమతితో గంజాయి పండించిన నేల. ఆబ్కారీ కాగితాల్లో ఈ ప్రాంతానికి ‘గాంజా మహల్’ అని పేరు. బెంగాల్ దుకాణాల్లో లైసెన్సు మీద అమ్ముడైన గంజాయికి ఇదే పుట్టిల్లు కాగా, ఉత్తర హిందుస్థానంలో ఇక్కడి సరుకును ‘బాలూచర్’ గంజాయి అని పిలిచి, ఖండ్వా వైపు నుంచి వచ్చే రకం కంటే మేలైనదిగా ఎంచేవారు. ఒక చిన్న ప్రాంతపు పంటకు ఇంత పేరు రావడానికి నేల సారం ఒక్కటే కారణం కాదు. గంజాయిలో మంచిచెడులను తేల్చే విద్య ఒకటి అక్కడ రైతుల్లో, కూలీల్లో, వర్తకుల్లో, ప్రభుత్వోద్యోగుల్లో అంచెలంచెలుగా రూపుదిద్దుకుంది.

గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసిన కొన్ని దేశాల్లో నేడు సరుకు ముందే పొడిచేసి, కాగితంలో చుట్టిన సిగరెట్టు రూపంలో దుకాణానికి వస్తున్నది. లోపల ఏముందో కంటికి కనిపించని ఆ చుట్టను కొనేముందు దాని నాణ్యతను ఎలా తెలుసుకోవాలనేది అక్కడి కొనుగోలుదారులను వేధిస్తున్న ప్రశ్న. ఈ ప్రశ్నకు నౌగావ్ చరిత్రలో స్పష్టమైన సమాధానం ఉంది. గంజాయి నాణ్యతలో అధిక భాగం పొలంలో, కళ్ళంలో, గిడ్డంగిలో ముందే నిర్ణయమైపోతుంది. దుకాణం ముందు నిలబడ్డ మనిషి పరీక్షకు మిగిలేది చాలా కొద్ది. కనుక ఆ ముందరి అంచెలకు ఎవరు పూచీపడ్డారన్నదే అసలు పరీక్ష.

మొక్క, బంక, గింజ

ఒకే మొక్క నుంచి మూడు సరుకులు తయారవుతాయి. ఆకులను ఎండబెట్టి నూరుకుని తాగేది భంగు. ఆడమొక్క పూగుత్తులను బంకతో సహా ఎండబెట్టినది గంజాయి. ఆ బంకను విడిగా సేకరించి ముద్ద చేసినది చరస్. బ్రిటిష్ పాలనాకాలంలో చరస్ ప్రధానంగా యార్కండ్ నుంచి లేహ్ మీదుగా పంజాబుకు దిగుమతయ్యేది. బెంగాల్ వ్యవసాయానికి సంబంధించినది గంజాయి ఒక్కటే.

మత్తు కలిగించే పదార్థం ప్రధానంగా ఉండేది బంకలోనే. ఆడపువ్వును చుట్టి ఉండే చిన్న చిన్న రేకాకుల మీద కంటికి ఆనని గ్రంథి రోమాలు దట్టంగా మొలుస్తాయి. వాటి కొనల్లో బంక ఊరుతుంది. ఈ జాతిలో ఆడ, మగ పువ్వులు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. మగమొక్క పుప్పొడి గాలిలో ఎగిరి ఆడపువ్వును చేరితే గింజ కడుతుంది. అప్పటి నుంచి మొక్క బలం గింజకు పోయి, బంక తగ్గుతుంది. పుప్పొడి సోకని ఆడమొక్క మాత్రం మరిన్ని పువ్వులు తొడుగుతూ, గుత్తిని దట్టం చేసుకుంటూ, బంకను పెంచుకుంటూ పోతుంది. మంచి గంజాయి పండించాలంటే పొలంలో మగమొక్క అనేది మిగలకూడదన్న సూత్రం దీనినుంచే వచ్చింది.

ఒక్క మగమొక్క తప్పిపోయి పూసినా నష్టం ఆ ఒక్క మొక్కతో ఆగదు. గాలివాలున ఉన్న పొరుగు రైతు పొలంలో కూడా గింజ పడుతుంది. అందువల్ల నౌగావ్‌లో నాణ్యత ఏ ఒక్క రైతు సొంత వ్యవహారంగానూ ఉండలేకపోయింది. ఊరంతా కలిసి కాపాడుకోవలసిన ఉమ్మడి ఆస్తి అయింది.

పొద్దార్ల విద్య

నారుమళ్లలో విత్తనం చల్లి, మొలకలను ఎత్తుగా వేసిన బోదెల మీద నాటిన తరవాత, నవంబరు నెల వచ్చేసరికి మొక్కల్లో ఆడ, మగ తేడా తొలిసారిగా కనిపించడం మొదలవుతుంది. ఆ తేడాను పువ్వు విచ్చుకోకముందే, కణుపు దగ్గర మొగ్గ రూపాన్ని బట్టి గుర్తించాలి. విచ్చుకున్నాక గుర్తిస్తే పుప్పొడి అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఈ పని చేసేందుకు ప్రత్యేకంగా నేర్పున్న వారిని రైతులు కూలికి పిలిపించుకునేవారు. వారిని ‘పొద్దార్’ అనీ ‘పరఖ్‌దార్’ అనీ, అంటే పరీక్షించి చెప్పేవాడనీ, వ్యవహరించేవారు. ఆంగ్లేయ అధికారులు తమ నివేదికల్లో వారిని ‘గంజాయి డాక్టర్లు’ అని రాశారు.

పొద్దారు సాళ్ల వెంట నడుస్తూ ఒక్కొక్క మొక్కను చూసి, మగదని తేలిన దాన్ని అక్కడికక్కడే విరిచి గుర్తు పెట్టేవాడు. వెనక వచ్చే రైతు దాన్ని వేళ్లతో సహా పీకి పారేసేవాడు. ఒక్కసారి తిరిగితే సరిపోదు. మొక్కలన్నీ ఒకే రోజున మొగ్గ తొడగవు. ఆలస్యంగా బయటపడే మగమొక్కలు కొన్ని ఉంటాయి. ఆడమొక్క మీదే అక్కడక్కడా మగపువ్వు పూసే సందర్భాలూ ఉంటాయి. పొలాన్ని మళ్లీ మళ్లీ గాలించడం వల్లనే పంటలో గింజ తక్కువగా ఉండేది. వృక్షశాస్త్రం చదవని పొద్దార్ల పనిని కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో పనిచేస్తూ, తరవాతి కాలంలో లండన్ క్యూ ఉద్యానవనానికి అధిపతి అయిన డేవిడ్ ప్రెయిన్ 1893 నాటి తన నివేదికలో శ్రద్ధగా నమోదు చేశాడు. అంతకు ముందు 1877లో హేమ్‌చంద్ర కర్ అనే బెంగాలీ డిప్యూటీ కలెక్టరు గంజాయి సాగు, వర్తకాల మీద ప్రభుత్వానికి సమగ్రమైన నివేదిక సమర్పించాడు. ఈ రెండు నివేదికల వల్లనే ఆ పల్లెల విద్య నేటి చరిత్రకారుడికి అందుతున్నది.

సరుకులో గింజ ఎంత ఉందో చూడడం కొనేవాడికి దొరికే మొదటి ఆధారం కావడానికి ఇదే కారణం. పిడికెడు గంజాయిని నలిపినప్పుడు గింజలు విరివిగా రాలితే, ఆ పొలంలో పొద్దారు పని సరిగా సాగలేదని అర్థం. గింజ పొగలో కలిసి గొంతుకు బాధ కలిగించడం ఒక లోపమైతే, ఆ గింజ కోసం మొక్క వదులుకున్న బంక రెండో లోపం. చిలుము నింపే మనిషికి తెలిసేది మొదటిది. రెండోదాన్ని అతడు ఏ విధంగానూ పూడ్చుకోలేడు.

కళ్ళంలో మూడు రూపాలు

జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోసిన పంటను ‘చాతర్’ అనే బహిరంగ స్థలానికి చేర్చేవారు. ఇది తెలుగు పల్లెల్లోని కళ్ళం వంటిదే. అయితే చుట్టూ కంచె, లోపలికీ బయటికీ పోయే ప్రతి మోపు మీదా ఆబ్కారీ సిబ్బంది కాపలా ఉండేవి. పువ్వు లేని కొమ్మలను తీసివేసి, మిగిలిన వాటిని తగిన పొడవుకు నరికి, కొంతసేపు ఎండకూ రాత్రి మంచుకూ వదిలి వాడనిచ్చేవారు. ఆ తరవాత జరిగే పని మీదనే సరుకు ఏ రకమవుతుందన్నది ఆధారపడేది.

‘చాప్టా’ లేదా చదునుగంజాయి చేయాలంటే కొమ్మలను నేలమీద గుండ్రంగా, కొనలు లోపలి వైపుకు వచ్చి ఒకదానిపై ఒకటి పడేలా పేర్చి, కూలీలు వాటి మీద పాదాలతో అదిమి తొక్కుతూ చుట్టూ తిరిగేవారు. ఒక వరస అణిగాక దానిపై ఇంకో వరస పేర్చి మళ్లీ తొక్కేవారు. బంక వల్ల పువ్వులు ఒకదానికొకటి అంటుకుని పలకలాగా చదునయ్యేవి. ఆ తరవాత కుప్ప వేసి, చాపలు కప్పి, బరువు పెట్టి మగ్గనిచ్చేవారు. కుప్పలో పుట్టే వేడికి రంగు, వాసన మారేవి. మర్నాడు కుప్ప విప్పి దులిపితే ఆకూ గింజా కొంత రాలిపోయేవి. మళ్లీ తొక్కడం, మళ్లీ మగ్గబెట్టడం జరిగేది.

‘గోల్’ లేదా గుండ్రగంజాయికి మరింత నేర్పు కావాలి. అడ్డంగా కట్టిన వెదురుబొంగును చేతులతో పట్టుకుని నిలబడిన కూలీలు, కొమ్మలను కొద్దికొద్దిగా పాదం కింద ఉంచి ముందుకూ వెనక్కూ దొర్లించేవారు. దొర్లేకొద్దీ ఆకు ఊడిపోయి, పూగుత్తి సన్నని కదురులా బిగుసుకునేది. చదునుగంజాయిలో కంటే దీనిలో కర్ర, ఆకు తక్కువ, శ్రమ ఎక్కువ. ఈ రెండు రకాలను తయారు చేసేటప్పుడు, కట్టేటప్పుడు, మోసేటప్పుడు రాలిన పూముక్కలను పోగుచేసినది మూడో రకం. దాన్ని ‘చూర్’ అనేవారు. మన భాషలో చూరగంజాయి అనవచ్చు.

చూరలో పుల్ల దాదాపు ఉండదు కాబట్టి, తూకానికి తూకం చూస్తే బంకగల భాగం అందులోనే ఎక్కువ. అందుకే బెంగాల్ ఆబ్కారీ శాఖ మూడు రకాలకు మూడు రేట్లలో సుంకం విధించింది: చదునుకు తక్కువ, గుండ్రకు అంతకు మించి, చూరకు అన్నిటికంటే ఎక్కువ. పుల్ల మీద సుంకం కట్టించుకోవడం న్యాయం కాదనీ, బంక మీదనే కట్టించుకోవాలనీ ప్రభుత్వం గ్రహించిన ఫలితం ఈ తారతమ్యం. అయితే చూరకు మరో స్వభావం ఉంది. చదును, గుండ్ర రకాల్లో గుత్తి తన ఆకారంతోనే ఉంటుంది కనుక, కొనేవాడు దాన్ని విడదీసి పువ్వెంత, ఆకెంత, గింజెంత అని చూడగలడు. చూరలో అన్నీ కలిసిపోతాయి. మేలైన గుండ్రగంజాయి నుంచి రాలిన చూరకూ, ఆకు, తుక్కు కలిసిన చూరకూ తేడా కనిపెట్టడం మామూలు కంటికి చాలా కష్టం. అన్నిటికంటే ఎక్కువ బంక గల సరుకే అన్నిటికంటే ఎక్కువ నమ్మకం మీద కొనవలసిన సరుకు కావడం ఈ వర్తకంలోని ప్రధానమైన చిక్కు. నేటి చుట్టిన సిగరెట్టు కూడా రూపరీత్యా చూరగంజాయి సంతతిలోనిదే.

వర్తకుడి పరీక్ష, ప్రభుత్వ గిడ్డంగి

కళ్ళం దగ్గరకు వచ్చిన టోకు వర్తకుడికి సరుకును పరీక్షించే ఆధారాలు కొన్ని ఉండేవి. కొత్త గంజాయి ముదురు ఆకుపచ్చ రంగులోనో, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోనో ఉంటుంది. నలిపితే వేళ్లకు జిగురు అంటుతుంది. ఘాటైన, ప్రత్యేకమైన వాసన వస్తుంది. పాతబడేకొద్దీ రంగు వెలిసి మట్టిరంగులోకి దిగుతుంది, బంక ఎండి పెళుసై పొడిగా రాలుతుంది, వాసన చచ్చిపోతుంది. తేమ చాలినంతగా ఆరకముందే కట్టిన కట్టలో బూజు పడుతుంది. దాన్ని ముక్కు ముందుగా పసిగడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఔషధ గ్రంథాలు కూడా ఈ లక్షణాలనే, అంటే బంకతో అతుక్కున్న ఆకుపచ్చని గుత్తులు, ఘాటు వాసన అనే వాటినే, మంచి సరుకుకు గుర్తులుగా పేర్కొన్నాయి.

నిల్వ విషయంలో ప్రభుత్వమే రంగంలోకి దిగింది. మత్తుపదార్థాల తయారీకి, అమ్మకానికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఈస్టిండియా కంపెనీ 1793లో రెగ్యులేషన్ చేసింది. మొదట్లో దుకాణం మీద విధించిన పన్ను స్థానంలో 1853 నుంచి గంజాయి బరువు మీద సుంకం వచ్చింది. 1876 నుంచి గిడ్డంగి పద్ధతి అమలైంది: రైతు పండించిన సరుకు తూకం వేయించుకుని, ముద్ర పడి, పాసుతోనే కదలాలి, ‘గోలాదార్లు’ అనే లైసెన్సు టోకు వర్తకులు నౌగావ్‌లో కొని తమ జిల్లాల్లోని గోలాలకు, అంటే గిడ్డంగులకు, చేర్చాలి, సుంకం చెల్లించాకే చిల్లర దుకాణానికి విడుదల కావాలి. ఈ ఏర్పాటు ఉద్దేశం ఆదాయమే అయినా, దాని ఫలితంగా ప్రతి కట్టకూ పుట్టుక, వయసు, రకం కాగితం మీదకు ఎక్కాయి. గంజాయి సంవత్సరం దాటితే పస తగ్గుతుందనీ, రెండు మూడేళ్లయితే దాదాపు పనికిరాదనీ అందరూ ఎరిగినదే కావడంతో, అమ్ముడుపోని పాత నిల్వను అధికారుల సమక్షంలో తగలబెట్టేవారు. తూకంలో తేడా రానివ్వకూడదన్న ఖజానా పట్టుదల, పాతసరుకు కొత్తదానిలో కలవకుండా కొనుగోలుదారుణ్ని కూడా కాపాడింది.

కమిషన్ కంటిలో

గంజాయి వాడకం జనం మీద చూపుతున్న ప్రభావం గురించి 1893లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న రావడంతో, భారత ప్రభుత్వం అదే సంవత్సరం జులైలో విచారణకు కమిషన్ నియమించింది. దీని అధ్యక్షుడు పంజాబుకు చెందిన సీనియర్ అధికారి మాక్‌వర్త్ యంగ్. కలకత్తా వైద్యకళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు వార్డెన్ ఒక సభ్యుడు. భారతీయ సభ్యులు ముగ్గురిలో తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర రాయ్ గాంజా మహల్ ఉన్న రాజ్‌షాహీ జిల్లాకు చెందినవాడే. కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని కనిపించలేదనీ, అతిగా వాడితే హాని ఉందనీ, పూర్తి నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదనీ, సాగును కొద్ది ప్రాంతాలకు కుదించి, లైసెన్సులతో, తగిన సుంకంతో అదుపు చేయాలనీ దాని సారాంశం.

నాణ్యత చరిత్రలో కమిషన్‌కు ఉన్న స్థానం వేరొకటి. ఉదకమండలంలో ప్రభుత్వ క్వినాలజిస్టుగా, అంటే సింకోనా బెరడు నుంచి తీసే మలేరియా మందుల రసాయన నిపుణుడిగా, పనిచేస్తున్న డేవిడ్ హూపర్ దేశం నలుమూలల నుంచి వచ్చిన నమూనాలలో బంక పాళ్లను కొలిచాడు. అంతదాకా వేళ్లకూ ముక్కుకూ మాత్రమే తెలిసిన గుణం అంకెలోకి మారే ప్రయత్నం ఇది. కానీ బంక మొత్తాన్ని కొలవడం వేరు, బంకలో మత్తు కలిగించే భాగాన్ని కొలవడం వేరు. పాతబడి పస తగ్గిన గంజాయిలో సైతం బంక బరువు నిలిచే ఉంటుంది. రెండోదాన్ని కొలిచే సాధనం ఆనాటి రసాయనశాస్త్రం చేతిలో లేదు.

తెలుగు ప్రాంతపు గంజాయి కూడా కమిషన్ దృష్టికి వచ్చింది. మద్రాసు రాజధానిలో ఇంటి పెరట్లలో ఒకటి రెండు మొక్కలు పెంచుకోవడం చాలా జిల్లాల్లో ఉండేది. అటువంటి చోట్ల మగమొక్కలను ఏరే పద్ధతి లేదు కాబట్టి గింజ, ఆకు ఎక్కువగా గల సరుకే వచ్చేది. వర్తకం కోసం సాగు జరిగిన చోట్లు రెండు ముఖ్యమైనవి: ఉత్తర ఆర్కాటు జిల్లా జవ్వాది కొండలు ఒకటి, అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు పరిసర గ్రామాలు రెండోవి. కమిషన్ సూచనల తరవాత మద్రాసు ప్రభుత్వం పెరటి సాగును తొలగించి, లైసెన్సు సాగును కొద్ది ప్రాంతాలకే పరిమితం చేసి, సరుకును ప్రభుత్వ గిడ్డంగుల ద్వారా నడిపించింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు బాపట్ల తాలూకా ఆ జిల్లాలో భాగమైంది. బాపట్ల సీమ వ్యవసాయ చరిత్రలో పొగాకుకూ పత్తికీ దక్కిన పుటలు ఈ పంటకు దక్కలేదు. ఆ లోటును స్థానిక చరిత్రకారులు పూరించవలసి ఉంది.

సీసాలో, సిగరెట్టులో

గంజాయి సముద్రం దాటి వెళ్లిన తరవాత నాణ్యత సమస్య మరింత జటిలమైంది. కలకత్తా వైద్యకళాశాలలో పనిచేసిన విలియం ఓషానెస్సీ 1839లో ప్రకటించిన ప్రయోగాల వల్ల యూరపు వైద్యులు గంజాయి సారాన్ని మందుగా వాడసాగారు. ఓడల్లో నెలల తరబడి ప్రయాణించి, గిడ్డంగుల్లో మగ్గిన సరుకు నుంచి తీసిన సారం ఒక సీసాలో పనిచేసి మరొక సీసాలో పనిచేయకపోవడం ఆనాటి వైద్యుల నిత్య ఫిర్యాదు. రసాయన పరీక్ష లేకపోవడంతో, కుక్కలకు ఇచ్చి వాటి నడక తడబడే తీరును బట్టి పస కొలిచే పద్ధతిని అమెరికా ఔషధ సంహిత 1916 కూర్పులో చేర్చారు. ఆ అనిశ్చితి తొలగకుండానే 1932లో బ్రిటిష్ సంహిత నుంచీ, 1942లో అమెరికా సంహిత నుంచీ గంజాయి నిష్క్రమించింది.

ముందే చుట్టి అమ్మే గంజాయి సిగరెట్టు పుట్టింది కూడా ఈ మందుల వర్తకంలోనే. పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో పారిస్‌కు చెందిన గ్రిమో కంపెనీ ఉబ్బసానికి మందుగా ‘ఇండియన్ సిగరెట్లు’ అమ్మింది. వాటిలో గంజాయి ఉందని పత్రికల్లో ప్రకటించింది. ఆనాటి ఉబ్బసపు సిగరెట్లలో ఉమ్మెత్త, బెల్లడోనా ఆకులు వాడడం మామూలు. కాగితం చుట్టులో ఏ ఆకు ఎంత పాలు ఉన్నదో రోగికి తెలిసే దారి లేదు. డబ్బా మీద అచ్చేసిన మాటే అతనికున్న ఆధారం.

భారతదేశంలో చిలుము తాగేవాడి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. దుకాణంలో కొన్న గంజాయిని అతడు కాసిని నీళ్లతో తడిపి, ఎడమ అరచేతిలో వేసుకుని, కుడి బొటనవేలితో బాగా మర్దించి, తేలిన గింజలనూ పుల్లలనూ ఏరి పారేసి, పొగాకు కలిపి సన్నగా తరిగి, అప్పుడు చిలుములో నింపేవాడు. సాధువుల మఠాల్లోనూ కూలీల గుడిసెల్లోనూ ఒకే విధంగా జరిగిన ఈ తతంగం సరుకుకు చివరి పరీక్ష. పుల్ల ఎంత పోయింది, జిగురు ఎంత అంటింది, వాసన ఎలా లేచింది అనేవి తాగేముందే అతని చేతికి తెలిసేవి. నచ్చకపోతే మర్నాడు దుకాణదారుడిని నిలదీసేవాడు. సిగరెట్టుగా చుట్టడం వల్ల కొనేవాడికి శ్రమ తప్పింది. దాంతోపాటు ఈ చివరి పరీక్ష కూడా పోయింది.

నిషేధం, అంతరించిన విద్య

1917లో నౌగావ్ రైతులు గంజాయి సాగుదార్ల సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు. వర్తకుడి బేరానికి లోబడకుండా పంటను సంఘమే కొని అమ్మడం, లాభంలో కొంత బడులకూ వైద్యశాలలకూ ఖర్చు చేయడం వల్ల ఇది భారత సహకారోద్యమంలో తరచుగా ప్రస్తావనకు వచ్చే సంస్థ అయింది. 1947 విభజనలో నౌగావ్ తూర్పు పాకిస్తాన్‌కు పోయింది. అంతలో అంతర్జాతీయ ఒప్పందాల కాలం బలపడింది. 1925 జెనీవా ఒప్పందం బంక తీయని ఆడమొక్క పూగుత్తులను నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. 1961 ఒప్పందం వైద్యేతర వాడకాన్ని గడువులోగా మాన్పించాలని సభ్యదేశాలను కోరింది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధ చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, పూగుత్తులనూ చరస్‌నూ నిషేధిస్తూ, పూగుత్తి లేని ఆకును గంజాయి నిర్వచనం నుంచి మినహాయించింది. బెంగాల్ కళ్ళాల్లో పువ్వునూ ఆకునూ వేరుచేసిన తేడాయే అంతర్జాతీయ చట్టాల భాషలోనూ నిలిచిపోయింది. బంగ్లాదేశ్‌లో 1987లో సాగు ఆగిపోయింది. 1989లో అమ్మకం నిలిచింది. పొద్దార్లకు పని లేకుండా పోయింది.

నిషేధం వల్ల వాడకం అంతరించలేదు, పూచీ అంతరించింది. నేడు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి దొంగచాటుగా కదిలే సరుకుకు వయసు చెప్పే గిడ్డంగి లేదు, రకం చెప్పే ముద్ర లేదు, బూజు పట్టినదాన్ని తగలబెట్టే అధికారి లేడు. అది నేరం కావడం ఒక ఎత్తు. అందులో ఏం కలిసిందో తాగేవాడికే కాక అమ్మేవాడికి సైతం తెలియకపోవడం మరొక ఎత్తు. ఆ అజ్ఞానం మూల్యాన్ని ఎక్కువగా చెల్లిస్తున్నది కుర్రవాళ్లూ, కూలికోసం మోతలు మోస్తూ పట్టుబడే కొండప్రాంతపు పేదలూ.

అంకెల కాలం

1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గావోని మత్తు కలిగించే ప్రధాన పదార్థమైన టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణాన్ని నిర్ణయించారు. హూపర్ కాలంలో అందని కొలమానం దీనితో అందింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2014 జనవరి 1 నుంచి పెద్దలకు గంజాయి చిల్లర అమ్మకం మొదలైంది. కెనడా 2018 అక్టోబరు 17 నుంచి దేశవ్యాప్తంగా అనుమతించింది. అక్కడి దుకాణాల్లో ‘ప్రీరోల్’ అనే చుట్టిన సిగరెట్లకు గిరాకీ ఎక్కువ. గొట్టం మీద టీహెచ్‌సీ పాళ్లు, కట్టిన తేదీ అచ్చేసి ఉంటాయి. బూజు, పురుగుమందుల అవశేషాలు, లోహాలు వంటివాటికి ప్రయోగశాల పరీక్షలు ఉంటాయి.

అయినా కొనేవారి సందేహం తీరలేదు. దానికి కారణం నౌగావ్ కాలం నాటిదే. గుత్తిగా అమ్మడానికి యోగ్యమైన పువ్వును గుత్తిగానే అమ్మి, రాలిన తునకలనూ కత్తిరించి తీసిన ఆకునూ సిగరెట్టుకు వాడుతున్నారన్న ఆరోపణ ఆ పరిశ్రమలో సర్వసాధారణం. కొనేవాడు బయటి నుంచి చూడగలిగేవి కొన్నే: చుట్టు సమంగా ఉందా, నొక్కితే మధ్యలో ఖాళీ తగులుతున్నదా, పుల్ల కాగితాన్ని పొడుస్తున్నదా, వాసన సజీవంగా ఉందా, తేదీ ఎంత పాతది అనేవి. లోపలిది మొత్తం పువ్వేనా, ఆకు కలిసిందా అన్నది తయారీదారు నిజాయతీగా రాస్తేనే తెలుస్తుంది. అంకె కూడా తుది మాట కాదు. కొలరాడోలో విడి పువ్వు మీద చేసి 2023లో ప్రకటించిన ఒక పరిశీలనలో చాలా నమూనాల్లో లేబుల్ మీద చెప్పినంత టీహెచ్‌సీ లేదని తేలింది. ఎక్కువ అంకె ఎక్కువ ధర పలికే చోట అంకెను పెంచే ఆశ పుట్టకుండా ఉండదు. పైగా తీవ్రత వేరు, మేలు వేరు. ఏ పొగైనా ఊపిరితిత్తులకు హానికరమే. పసగల సరుకుకు ఎక్కువ సుంకం వేసిన బెంగాల్ పద్ధతిలో నాణ్యత అదుపుకు ఆధారమైతే, నేటి అంగట్లో అది ఆకర్షణకు ఆధారమైంది.

గంజాయిని చట్టబద్ధం చేయాలా, నిషేధించాలా అనే వాదాల్లో ఈ చరిత్రకు దక్కవలసిన స్థానం దక్కడం లేదు. నిషేధమే కొనసాగినా, నియంత్రణే వచ్చినా, పొలం నుంచి దుకాణం దాకా ప్రతి అంచెకూ పేరున్న, జవాబు చెప్పే మనిషి ఉన్నప్పుడే నాణ్యత అనే మాటకు అర్థం ఉంటుందని ఆ చరిత్ర నిరూపించింది. పొద్దారు మొక్కను, కూలీ గుత్తిని, గుమాస్తా కట్టను, తాగేవాడు చిటికెడు పువ్వును చూశారు. నలుగురిలో ఎవరి పరీక్షా రెండోవారి పరీక్షకు ప్రత్యామ్నాయం కాలేదు. ఆ నలుగురి పనినీ ఒక్క లేబుల్‌కు అప్పగించిన సమాజం, లేబుల్ రాసేవాడిని పరీక్షించే బాధ్యతను కూడా తలకెత్తుకోక తప్పదు.